బ్రూనోగారి భోజనం

ట్రాయ్, మిషిగన్
2 నవంబరు 2010

లక్ష్మీకాంతం వదినగారికి,

నాగమణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ అబ్బాయి విశ్వనాథ్, మా అమ్మాయి రాగిణి, మనవరాలు విద్య అందరూ కులాసా. కులాసాగా లేనిది కుక్క ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం.

ఫోను చేయకూడదా అంటారేమో. ఫోనులో మీకు సగం వినబడదు. వినబడని సగాన్ని మీరు గట్టిగా అడుగుతారు, అది ఇక్కడ ఇంటిల్లిపాదికీ వినబడుతుంది. నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఒక కుక్క తిండి గురించి అందరి ముందూ మాట్లాడడం నాకు నామోషీగా ఉంది.

మీరు అదృష్టవంతులు. మే నుంచి అక్టోబరు దాకా ఇక్కడ ఉండి, పువ్వులు చూసి, పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, ఆకులు రాలగానే ఆష్‌బర్న్‌లో మీ చిన్నబ్బాయి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను దిగేసరికి చెట్లన్నీ మోడులు. ఆరు నెలలు మగపెళ్ళివారు, ఆరు నెలలు ఆడపెళ్ళివారు అని పిల్లలు న్యాయంగానే పంచారు. ఎండ ఎవరికి, మంచు ఎవరికి అన్నది మాత్రం ఎవరూ అడక్కుండానే తేలిపోయింది. చలికి భయపడి మావారు విజయవాడ కదలనే లేదు.

పొద్దున్నే అందరూ ఆఫీసుకీ స్కూలుకీ పోతారు. బ్రూనోగారిని వాకింగ్‌కి తీసుకెళ్ళడం నా వంతు. ముందు దానికి కోటు. తర్వాత నాలుగు కాళ్ళకీ నాలుగు బూట్లు. మంచు పడితే రోడ్డు మీద చల్లే ఉప్పు దాని పాదాలకు మండుతుందట, అందుకని ఇప్పటినుంచే అలవాటు చేయాలట. నేను కింద కూర్చుంటే, అది పెళ్ళికొడుకు కాళ్ళు కడిగించుకున్నట్టు ఒక్కొక్క కాలే చాపుతుంది. తర్వాత అది ముందు, నేను వెనక, నా చేతిలో ప్లాస్టిక్ సంచీ. సంచీ ఎందుకో మీకు తెలుసు, రాయను. ఎదురింటి తెల్లావిడ నన్ను చూసి "గుడ్ బోయ్!" అంటుంది. నన్నో దాన్నో ఇప్పటికీ తెలియదు.

అసలు సంగతి. మీరు వెళ్ళినప్పటినుంచీ ఇది సరిగ్గా తినడం లేదు. దాని గిన్నెలో గోలీల్లాంటి గింజలు పోస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. ఎండాకాలంలో ఏం తినేదో, ఎవరు పెట్టేవారో కాస్త రాస్తారా? కుక్క చిక్కిపోతోందని మీ అబ్బాయికి నిద్ర పట్టడం లేదు. మనిషి చిక్కినా ఇంత కంగారు లేదు ఈ ఇంట్లో.

ఇట్లు,
నాగమణి


ఆష్‌బర్న్, వర్జీనియా
9 నవంబరు 2010

నాగమణి వదినగారికి,

మీ ఉత్తరం అందింది. చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మడి కట్టుకుని వంట చేసుకునే మనిషిని పట్టుకుని కుక్క ఏం తినేదని అడుగుతారా? అది నా చీర కుచ్చెళ్ళకు తగిలితే రెండోసారి స్నానం చేసిన రోజులున్నాయి. మీ అమ్మాయికి తెలుసు, అడగండి. వేడినీళ్ళన్నీ నేనే అవగొట్టేస్తున్నానని ఆవిడ గొణుక్కోవడం కూడా నాకు వినబడేది. ఫోనులోనే వినబడదు, ఎదురుగా బాగానే వినబడుతుంది.

దాన్ని నేను ముట్టుకోలేదు. పెట్టలేదు. పిలవలేదు. మీ అబ్బాయి, మీ అబ్బాయి అంటున్నారు కానీ, కుక్క కావాలని పేచీ పెట్టింది మీ అమ్మాయి. మా వంశంలో ఎవరూ కుక్కను గుమ్మం ఎక్కించలేదు.

ఇక్కడి వైభోగం కూడా వినండి. ఈ ఊళ్ళో కిటికీలు లేని పెద్ద పెద్ద గిడ్డంగులున్నాయి. వాటిలో కంప్యూటర్లు కాపురం ఉంటాయట. వాటికి ఎప్పుడూ చల్లగా ఉండాలట. మా చిన్నవాడు రవి వాటికి ఒంట్లో బాగాలేదని పండగపూట కూడా పరిగెత్తుతాడు. ఇక్కడ మిషన్లకు ఏసీ, అక్కడ కుక్కకు స్వెట్టరు. తల్లికి మోకాళ్ళు నొప్పులంటే మాత్రం "వాక్ చెయ్యమ్మా" అంటారు.

గింజలు తినకపోతే మానేస్తుంది. ఆకలేస్తే అదే తింటుంది. కుక్కల గురించి ఇకముందు నాకు రాయకండి.

లక్ష్మీకాంతం


ట్రాయ్
28 నవంబరు 2010

వదినగారికి,

రాయవద్దన్నారు. రాయక తప్పడం లేదు.

మొన్న గురువారం వీళ్ళ థాంక్స్‌గివింగు. వీళ్ళ స్నేహితుడు శ్యామ్‌సుందర్ కుటుంబం భోజనానికి వచ్చింది. ఆయనగారూ ఒక కుక్కను పెంచుతున్నాడు, తీసుకొచ్చాడు కూడా. రెండు కుక్కల మధ్య కూర్చుని నలుగురు కార్ల కంపెనీ ఇంజినీర్లు రెండు గంటలు మాట్లాడింది కుక్కల అరుగుదల గురించి. ఎవరి కుక్క రోజుకు ఎన్నిసార్లు, ఎలా ఉంటుంది అని, నేను గారెలు వడ్డిస్తుండగా! డెట్రాయిట్‌లో కార్లు ఎందుకు అమ్ముడుపోలేదో నాకు ఆ రోజు అర్థమైంది.

కానీ వదినగారూ, కుక్క నిజంగానే చిక్కిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కుక్కల డాక్టరు రెండుసార్లు రక్తం తీశాడు. ఎక్స్‌రే తీశాడు. ఏమీ కనబడలేదట. ఏమీ కనబడలేదు కాబట్టి లోపల ఏదో ఉందట. ఇలా లెక్క చేసినవాడికి నేనైతే సున్నా వేసేదాన్ని.

పగలు ఇంట్లో ఉండేది నేను ఒక్కదాన్నే. కాబట్టి తప్పు నాదేనని తేలింది. పైకి ఎవరూ అనరు. రాగిణి, "అమ్మా, నువ్వు టైముకి పెడుతున్నావు కదా?" అని రోజూ అడుగుతుంది. విద్య అయితే దాచుకోలేదు. "అమ్మమ్మా, నువ్వు వాడిని లైక్ చెయ్యవు. నువ్వు స్టార్వ్ చేస్తున్నావు," అనేసింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. ఐదు రోజులైంది నాతో మాట్లాడి. నేను చేసిన దోసె ముట్టుకోకుండా పాలల్లో డబ్బా సీరియల్ పోసుకుని తింటోంది. నాకు కుక్క మీద ఎంత అసహ్యమో మీకు తెలుసు, కానీ నోరులేనిదాన్ని ఆకలితో మాడ్చే మనిషిని కాను. ఆ మాట నా మనవరాలు నమ్మడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇంకోటి. రోజూ పన్నెండు కొట్టే వేళకు ఇది వెనక చెక్క అరుగు ఉంది కదా, ఆ డెక్ తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. తలుపు తీస్తే ఆ మంచులో, చెక్క మెట్టు పక్కన నిలబడి వణుకుతూ అటే చూస్తుంది. బూట్లు కూడా ఉండవు. ఎంత లాగినా రాదు. వేసవిలో మీరెప్పుడైనా దాన్ని అక్కడ కర్రతో కొట్టారా? కొట్టినా నేనేమీ అనుకోను. నిజం చెప్పండి.

నాగమణి


ఆష్‌బర్న్
5 డిసెంబరు 2010

వదినగారికి,

కొట్టారా అని అడగడానికి మీకు నోరెలా వచ్చింది? బళ్ళో పిల్లల్ని బెత్తంతో కొట్టిన చేతులు మీవి. మీరు కొట్టకుండా, ఆకలితో మాడ్చకుండా ఆ ప్రాణి ఎందుకు చిక్కుతుంది? మే నెలలో వచ్చినప్పుడు ఎలా ఉండేది, అక్టోబరులో నేను వచ్చేటప్పుడు ఎలా ఉంది! నిగనిగలాడుతూ ఉంది. మీ చేతికి అప్పగించి ఆరు వారాలు కాలేదు, పక్కటెముకలు తేలాయంటున్నారు. ఎవరి చలవో లోకం చూసుకుంటుంది.

గిన్నె కాళ్ళతో తోసి పెడుతుంటారు మీరు. నాకు తెలుసు. అది అభిమానం గల జంతువు. కుక్కను మెచ్చుకుంటున్నానని అనుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను.

డెక్ తలుపు దగ్గర ఎంతసేపు కూర్చుంటుంది? మీరు తలుపు తీసినప్పుడు మీ చేతివంక చూస్తుందా, మొహంవంక చూస్తుందా? ఊరికే అడిగాను. మీకు తోస్తే రాయండి, లేకపోతే మానేయండి. డాక్టరు ఇంకా ఏమన్నాడో మాత్రం రాయండి. విశ్వనాథ్ ఫోను చేస్తే "అంతా ఫైన్ అమ్మా" అంటాడు. ఆ ముక్క వాడు వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా అన్నాడు.

లక్ష్మీకాంతం


ట్రాయ్
14 డిసెంబరు 2010

లక్ష్మీకాంతంగారికి,

వదిన అనే పిలుపు ఈసారి పక్కన పెట్టాను. ఎందుకో చదవండి.

నిన్న మధ్యాహ్నం కుక్క ఆ మెట్టు పక్కన మంచును కాళ్ళతో తవ్వుతుంటే, నేనే చీపురు తీసుకుని ఊడ్చాను. మీ పూలకుండీ బోర్లించి ఉంది. దాన్ని ఎత్తితే కింద వెండి కంచం. తుడిచి చూశాను. "కె. వీరభద్రరావు, 14-5-1995" అని పేరు చెక్కి ఉంది.

మా అమ్మాయి పెళ్ళిలో మీవారికి మేము పెట్టిన కంచం అది. పేరు చెక్కించడానికి మావారు షాపువాడి దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డారు. దాని అంచు మీద కుక్క పంటిగాట్లు ఉన్నాయి. నాలుగు చోట్ల.

అంటే మేము పెట్టిన కంచంలో మీరు కుక్కకు తిండి పెట్టారు. ఎవరికీ తెలియకుండా దాచారు. ఆడపెళ్ళివారు పెట్టింది కుక్కకే తగునని పదిహేనేళ్ళు మనసులో పెట్టుకుని, అమెరికా దాకా మోసుకొచ్చి, కసి తీర్చుకున్నారన్నమాట! మడి, ఆచారం అని నాకు పాఠాలు చెప్పిన మనిషి! ముట్టుకోలేదు, పెట్టలేదు, పిలవలేదు అని మూడు అబద్ధాలు ఒక్క ఉత్తరంలో రాసిన మనిషి!

మీ కోరిక ప్రకారం డాక్టరు మాట కూడా రాస్తున్నాను. ఈ నెల ఇరవై మూడు, గురువారం పొద్దున, కడుపు కోసి చూస్తాడట. ఇంత నీరసంలో కోస్తే లేస్తుందో లేదో చెప్పలేనన్నాడు. విద్య కుక్క పక్కన నేల మీద దుప్పటి వేసుకుని పడుకుంటోంది. మీరు ఏం పెట్టారో, ఎలా పెట్టారో ఇప్పుడైనా చెబితే దాన్ని కోయక్కర్లేకుండా పోతుందేమో. చెప్పడం మానడం మీ ఇష్టం. చెప్పకపోతే కంచం సంగతి మీ అబ్బాయికి నేనే చెబుతాను.

నాగమణి


ఆష్‌బర్న్
20 డిసెంబరు 2010

నాగమణి వదినగారికి,

రేపు ఉదయానికి మీ చేతికే అందేటట్టు, మీరు సంతకం పెడితేనే ఇచ్చేటట్టు రవి చేత కొరియర్‌లో పంపిస్తున్నాను. వాడికి సత్యనారాయణ వ్రతం అక్షింతలని చెప్పాను. ఇప్పటికి నాలుగు అబద్ధాలయ్యాయి, లెక్కల టీచరుగారు రాసుకోండి.

కంచం మిమ్మల్ని అవమానించడానికి తీసుకురాలేదు. జూలైలో మావారి తద్దినం మిషిగన్‌లో పెట్టాల్సి వచ్చింది కదా. ఆయన వస్తువు ఒకటి ఉంటే బాగుంటుందని తెచ్చుకున్నాను. పంతులుగారు ఆదరాబాదరాగా మంత్రాలు చదివి, ఇంకో ఇంటికి కారు డ్రైవ్ చేసుకుంటూ పోయాడు. విశ్వనాథ్‌కి మీటింగు. పిండం డెక్ మీద పెట్టి కాకి కోసం నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండు గంటలు. కాకులు లేవా అంటే ఉన్నాయి, పక్కింటి చెట్టు మీద అరిచాయి. ఒక్కటీ దిగలేదు. మన ఊళ్ళో అయితే కాకి రాకపోతే ఏమంటారో మీకు తెలుసు. ఆయనకు ఏదో అసంతృప్తి ఉందంటారు. ఆయనకు అసంతృప్తి లేని రోజు నాకు తెలియదు.

అప్పుడు ఇది వచ్చింది. మెల్లగా వచ్చి, నా మొహం చూసి, మొత్తం తినేసింది. అరవబోయాను. తిని, ఖాళీ అయిన చోటును నాకి, నా కాళ్ళ దగ్గర పడుకుంది.

నలభై ఒక్క ఏళ్ళు ఆ మనిషికి వండిపెట్టాను. ఒక్క రోజు బాగుందనలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కంచం ఇంత దూరం జరిపేవారు. "మా అమ్మ చేస్తే..." అనేవారు. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయినా అదే మాట. ఆసుపత్రిలో ఆఖరి రోజు చారన్నం పట్టుకెళితే చెంచా పక్కకు తోశారు. అదే ఆయన చివరి పని. నా మీద ఆయనకున్న అభిప్రాయం ఆ చెంచాతోనే తెలిసిపోయింది, మాట కూడా అక్కర్లేకపోయింది. నేనూ ఆయన్ను మనసులో తిట్టుకుంటూనే ఏడ్చాను.

ఆ రోజు డెక్ మీద ఆయనే కుక్క రూపంలో వచ్చి తిన్నారని నేను అనుకున్నాను. నవ్వుకోండి. తర్వాతి రోజునుంచి, నేను తినబోయే ముందు కాకికి తీసే ముద్ద ఆ కంచంలోనే పెట్టి డెక్ మీదకు తీసుకెళ్ళేదాన్ని. ముద్ద అని మొదలై, తర్వాత పూర్తి భోజనమే అయింది. అందరూ ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి ఎవరికీ తెలియదు. దాని గింజలు చెత్తలో పారబోసేదాన్ని. కుక్కకు పెట్టాననుకోలేదు వదినగారూ, ప్రమాణం చేసి చెబుతున్నాను. దాన్ని ఇప్పటికీ ముట్టుకోను. కుక్కలంటే నాకు అసహ్యమే.

ఎలా పెట్టాలో రాస్తున్నాను. అన్నం మెత్తగా ఉండాలి. ముద్దపప్పు, నెయ్యి. చివర పెరుగన్నం. ఉల్లిపాయ పనికిరాదు. చేత్తో కలపాలి, గరిటెతో కలిపితే వాసన చూసి వదిలేస్తుంది. అదే కంచం. మెట్టు పక్కన పెట్టి మీరు రెండడుగులు వెనక్కు నిలబడాలి. నేను "ఏమండీ, భోజనానికి లేవండి" అని పిలిచేదాన్ని. పిలవకపోతే అది ముట్టదు. మీరెలా పిలుస్తారో నాకు తెలియదు.

విశ్వనాథ్‌తో చెప్పకండి. తండ్రి సంగతి వాడికి తెలియనిది కాదు. తల్లి ఇలా అయిందని మాత్రం తెలియకూడదు.

లక్ష్మీకాంతం


ట్రాయ్
22 డిసెంబరు 2010

వదినగారికి,

నిన్న పది గంటలకు కవరు అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను. స్టవ్ మీద పప్పు పెట్టి మీ ఉత్తరం రెండోసారి చదివాను. మడీ గిడీ లేకుండానే చేశాను, చెబుతున్నాను. నా చేతి వంట మీ చేతి వంటలా ఉంటుందో ఉండదో అనుకున్నాను.

పన్నెండవుతుండగా శాలువా కప్పుకుని, విద్య మంచు బూట్లు తొడుక్కుని బయటకు వెళ్ళాను. కళ్ళనీళ్ళు కారితే గడ్డకట్టే చలి. కంచం పెట్టాను. రెండడుగులు వెనక్కు నిలబడ్డాను. అది నావంక చూస్తూ నిలబడింది. పిలవాలి. "ఏమండీ" అని నేను పిలవలేను కదా! "బ్రూనో" అంటే కదల్లేదు. ఏం చేయను? చుట్టూ చూసి, చేతులు కట్టుకుని, "అన్నయ్యగారూ, భోజనానికి లేవండి" అన్నాను. ముప్పై రెండేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి అనవలసిన మాటేనా అది!

తింది వదినగారూ. ఊపిరి తీసుకోకుండా తింది. ఇవాళ మళ్ళీ పెట్టాను, మళ్ళీ తింది. డాక్టరుకు ఫోను చేసి రేపటి ఆపరేషను క్యాన్సిల్ చేయించాను. తన మాత్రలు పనిచేశాయంటున్నాడు. అననీండి.

సెలవులని విద్య ఇంట్లోనే ఉంది. నిన్న తలుపు సందులోంచి అంతా చూసింది. "అమ్మమ్మా, హూ ఆర్ యూ టాకింగ్ టు?" అంది. కుక్కతోనే అన్నాను. పిల్ల వచ్చి నన్ను పట్టుకుని వదల్లేదు. రాత్రి నా దోసెలు మూడు తింది. మీ అబ్బాయికి ఏమీ చెప్పలేదు, చెప్పను. కంచాన్ని తోమి నా పెట్టెలో దాచాను.

మీ చెంచా సంగతి చదివాక నాకూ ఒకటి చెప్పాలనిపించింది. పెళ్ళి రోజు ఆ కంచంలోనే అన్నయ్యగారికి నా చేతులతో వడ్డించాను. రెండు ముద్దలు తిని, నోరు కూడా విప్పకుండా బంతిలోంచి లేచిపోయారు. నాలుగు వందల మంది చూశారు. నేను వంటవాళ్ళ వెనక నిలబడి ఏడ్చాను. పదిహేనేళ్ళుగా అది మీరు నేర్పించి చేయించారనే అనుకుంటున్నాను. ఆయన మీ ఇంట్లో కూడా అంతేనని నిన్ననే తెలిసింది.

అందుకని ఒక్కమాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఆయనే వచ్చి తిన్నారని ఇకమీదట అనుకోకండి. ఆయనైతే రెండో ముద్దకే లేచిపోయేవారు. ఇది కంచం అంతా నాకి, ఇంకా పెడతానేమోనని నా చేతివంకే చూస్తూ నిలబడింది. ఇది ఉత్త కుక్క. మీరు నలభై ఒక్క ఏళ్ళు వండి ఎదురుచూసిన చూపు ఈ కుక్క దగ్గర ఉంది. మే నెలలో వచ్చి మీరే పెట్టుకోండి.

మీ వదిన,
నాగమణి